అమ్మబోయే కారుకి రిపేరు ఎంతవరకు?

ఈ వారం ఉత్తరం చిల్లకల్లు నుంచి వచ్చింది. పేరు వేయవద్దని కోరారు కాబట్టి వేయడం లేదు. సంగతి మాత్రం ఎన్నో ఇళ్ళలో ఉన్నదే. అందుకే ఈ వారం పేజీ అంతా ఈ ఒక్క ఉత్తరానికే!

"మావారు పోయి నాలుగు నెలలయింది. ఆయన 2012లో కొన్న వ్యాగన్ ఆర్ కారు ఇంటి ముందు అలాగే నిలబడి ఉంది. నాకు నడపడం రాదు. అమ్మాయి విజయవాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఫీజు కట్టే సమయం దగ్గర పడింది. కారు అమ్మేద్దామనుకుంటున్నాను. జగ్గయ్యపేట నుంచి వచ్చిన బ్రోకరు ఉన్నది ఉన్నట్టుగా అయితే 90,000 ఇప్పిస్తానన్నాడు. మెకానిక్కేమో రిపేర్లన్నీ చేయిస్తే 1,30,000కి తక్కువ పోదంటున్నాడు. ఆ రిపేర్లకి 52,500 అవుతుందని కాగితం మీద రాసిచ్చాడు. అంత డబ్బు చేతిలో లేదు. గాజులు తాకట్టు పెడదామా అని ఆలోచన. మా మరిది 'ఎందుకు వదినా, ఎంతకో అంతకి వదిలించుకుందాం' అంటున్నాడు. ఎవరి మాట వినను?"

అమ్మా, మీ బాధ అర్థమైంది. ముందుగా ఒక్క మాట. గాజులు బీరువాలోనే ఉండనివ్వండి. ఇక మెకానిక్కు మాటా, మరిది మాటా రెండూ పూర్తిగా వినక్కర్లేదు. రెండిటికీ మధ్యలో ఒక దారి ఉంది. అది చూద్దాం.

లెక్క వేస్తే తేలుతుంది

మెకానిక్కు రాసిచ్చిన కాగితం మీరు ఉత్తరంతోపాటు పంపడం మంచిదయింది. అందులో ఉన్నవి ఇవి: క్లచ్ ప్లేట్లు 7,500, ముందు రెండు టైర్లు 7,500, ఏసీ కంప్రెసరు, గ్యాసు 16,000, టింకరింగ్, పెయింటింగ్ 14,000, బ్యాటరీ 4,500, బ్రేకులు 3,000.

మొత్తం 52,500. ఇంత ఖర్చు పెడితే పెరిగే ధర ఎంత? 90,000 నుంచి 1,30,000కి, అంటే 40,000. పన్నెండున్నర వేలు చేతి నుంచి పడుతుందన్నమాట! తాకట్టు వడ్డీ అదనం. పైగా 52,500 ముందే కట్టాలి, 1,30,000 మాత్రం ఎప్పుడో ఎవరో ఇవ్వాలి. ఆ రేటు రాకపోతే మెకానిక్కు పూచీ ఏమీ ఉండదు కదా! అతన్ని తప్పు పట్టడం లేదు. బండి బాగుపడాలని చూడటం అతని పని. అమ్మేవాళ్ళకి మాత్రం బండి ఎంత బాగుపడింది అన్నది కాదు, పెట్టిన రూపాయి తిరిగొస్తుందా అన్నదే లెక్క.

ఉంచుకునే కారుకీ, అమ్మే కారుకీ తేడా ఇక్కడే ఉంది. ఉంచుకునే కారుకి ఏసీ బాగుచేయిస్తే అయిదేళ్ళు మనమే చల్లగా కూర్చుంటాం. అమ్మే కారుకి చేయిస్తే ఆ చల్లదనం ఇంకొకరిది, ఖర్చు మనది.

అయితే మరిది చెప్పినట్టు దుమ్ము కూడా దులపకుండా ఇచ్చేయాలా? అదీ నష్టమే. ఎందుకో మీకు మీ ఊరి పంటే చెబుతుంది.

తాలు కాయల పాఠం

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతంలో మిర్చి గురించి తెలియని ఇల్లాలుండదు. కల్లాల్లో కూర్చుని తాలు కాయలు ఏరేది మన ఆడవాళ్ళే. ఎందుకు ఏరతాం? గుంటూరు యార్డులో కొనేవాడు టిక్కీలోంచి గుప్పెడు కాయ తీసి చూస్తాడు. ఆ గుప్పెట్లో నాలుగు తాలు కాయలు కనిపిస్తే తగ్గించేది ఆ నాలుగు కాయల ధర కాదు, మొత్తం టిక్కీ ధర. 'పైనే ఇలా ఉంటే అడుగున ఎలా ఉందో!' అన్న అనుమానానికి కట్టే వెల అది.

కారు సంగతీ అంతే. తాళం తిప్పగానే స్టార్టు కాకపోతే కొనేవాడు 'బ్యాటరీ పోయింది, నాలుగున్నర వేలు తగ్గిద్దాం' అనుకోడు. 'ఇంజనుకి ఏమైందో!' అనుకుంటాడు. ఇరవై వేలు తగ్గించి అడుగుతాడు. కాబట్టి చిన్నవైనా సరే, పెద్ద అనుమానం పుట్టించే లోపాలని ముందే ఏరేయాలి.

ఇంకో సంగతి కూడా మీకు తెలుసు. ఏరిన తాలుని ఎవరూ పారేయరు. దాన్ని వేరే టిక్కీకి ఎత్తి, తాలు అని చెప్పే అమ్ముతారు. దానికీ ఓ రేటుంది. అలాగే కారులో పెద్ద ఖర్చు పెట్టించే లోపాన్ని బాగుచేయించక్కర్లేదు, దాచక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, దానికి తగ్గ ధర తగ్గిస్తే సరి. ఇక నీళ్ళు చల్లి తూకం పెంచే రకం ఉంటుంది చూడండి, డొక్కు బండికి కొత్త రంగు కొట్టించడం ఆ కోవలోది. తెలిసినవాడు పట్టేస్తాడు. తెలియనివాడు మోసపోతాడు. రెండూ మనకి వద్దు.

ఈ అనుమానం సంగతి మీద అమెరికాలో జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో ఒక వ్యాసం రాశారు. ఆయన తీసుకున్న ఉదాహరణ పాత కార్ల బజారే! కారు గుట్టు అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు మంచి కారుకి కూడా అనుమానపు ధరే ఇస్తాడు. ఆ ధర గిట్టక మంచి కార్ల వాళ్ళు బజారుకే రారు. చివరికి డొక్కు కార్లే మిగులుతాయి. ఆయనకి 2001లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. అక్కడ డొక్కు కారుని 'నిమ్మకాయ' అంటారట. మనమేమో కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం! ఊరికో ఆచారం. నీతి మాత్రం ఒకటే. కొనేవాడి అనుమానం తీర్చగలిగినవాళ్ళకే మంచి ధర.

ఏది చేయించాలి, ఏది వదలాలి?

ఇప్పుడు మెకానిక్కు కాగితాన్ని ముందు పెట్టుకుని ఒక్కొక్కటే చూద్దాం.

*బ్రేకులు:* ఇందులో బేరం లేదు, తప్పకుండా చేయించండి. లాభం కోసం కాదు. మీ ఊరి పక్కనే హైదరాబాదు-విజయవాడ హైవే. కొనేవాడు బండి నడిపి చూడటానికి వెళ్ళేది ఆ రోడ్డు మీదకే. రేపు ఆ కారులో ఇంకో ఇంటి పిల్లలు కూర్చుంటారు. 3,000తో పోయే పని.

*బ్యాటరీ:* నాలుగు నెలలు కదలకుండా ఉన్న బండికి బ్యాటరీ దిగిపోవడం మామూలే. ముందు ఛార్జి పెట్టించి చూడండి. నిలిస్తే ఖర్చే లేదు. నిలవకపోతే కొత్తది వేయించండి. కొత్త బ్యాటరీకి వారంటీ కార్డు వస్తుంది, అది కొనేవాడికి చూపించవచ్చు. పాత బ్యాటరీ తిరిగిస్తే కొట్టువాడు కొంత తగ్గిస్తాడు, అడగడం మరచిపోకండి.

*టైర్లు:* టైరు గాడుల్లో అడ్డంగా చిన్న చిన్న గట్లు ఉంటాయి. టైరు అరిగి ఆ గట్లతో సమానమైతే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి వచ్చిందని గుర్తు. అలాంటి టైరు రోడ్డుకి పనికిరాదు, మార్చక తప్పదు. ముందు స్టెప్నీ ఎలా ఉందో చూడండి. అది బాగుంటే ఒక్కటే కొంటే సరిపోతుంది. గట్ల కంటే గాడి ఇంకా లోతుగా ఉంటే మాత్రం వదిలేయండి.

*క్లచ్:* ఇది మధ్యస్థం. క్లచ్ జారుతుంటే ఇంజను అరుస్తుంది గాని బండి లాగదు. కొనేవాడు గేరుబాక్సుని అనుమానిస్తాడు. ఇక్కడ ఒక ఉపాయం ఉంది. ఇద్దరు ముగ్గురు కొనేవాళ్ళని సూటిగా అడగండి: "ఉన్నట్టుగా ఎంత? క్లచ్ వేయించి ఇస్తే ఎంత?" రెండు ధరలకీ తేడా 7,500 కంటే బాగా ఎక్కువైతే, బయానా తీసుకున్నాక చేయించండి. కాకపోతే ఆ పని వాళ్ళకే వదిలేయండి.

*ఏసీ:* వద్దు. 16,000 పెడితే అందులో సగం కూడా ధరలోకి రాదు. అయితే పోయింది నిజంగా కంప్రెసరేనా, లేక పైపు దగ్గర గ్యాసు కారిపోతోందా అని ఇంకో మెకానిక్కుకి చూపించండి. గ్యాసు లీకే అయితే చాలా తక్కువలో పోతుంది. కంప్రెసరే అయితే ఆ అంచనా కాగితాన్ని దాచి ఉంచి కొనేవాడికి చూపండి. 'ఎంతవుతుందో ఏమో' అన్నప్పుడు అతను పాతికవేలు తగ్గిస్తాడు. '16,000' అని కాగితం మీద కనిపిస్తే బేరం ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది.

*టింకరింగ్, పెయింటింగ్:* అసలు వద్దు. పద్నాలుగేళ్ళ నాటి బండికి గీతలుండటం ఎవరికైనా సహజంగానే తోస్తుంది. రెండు తలుపులకి మాత్రం కొత్త రంగు మెరుస్తుంటే 'ఎక్కడ గుద్దారు?' అన్నది మొదటి ప్రశ్న అవుతుంది. డబ్బు పెట్టి అనుమానం కొనుక్కోవడం ఎందుకు!

వీటికి తోడు వాటర్ సర్వీసింగ్, కాలిపోయిన బల్బులు, వైపరు రబ్బర్లు, హారను, వీటన్నిటికీ ఓ 1,500 అనుకోండి. బ్రేకులు, బ్యాటరీ కలిపితే 9,000. టైర్లు మార్చక తప్పకపోతే 16,500. ఇంతే! 52,500 ఎక్కడ, ఇది ఎక్కడ? దీనికి గాజుల దాకా పోనక్కర్లేదు.

ఇంకో ఖర్చు లేని మందు మీ బీరువాలోనే ఉంది. మీవారు ఇన్నేళ్ళు చేయించిన సర్వీసింగ్ బిల్లులు. తారీకుల వారీగా పేర్చి ఒక ఫైలులో పెట్టండి. కొత్త రంగు చేయలేని పని ఆ ఫైలు చేస్తుంది.

కారు కంటే ముందు కాగితాలు

అమ్మా, మీరు అడగని సంగతి ఒకటి ఉంది. అన్నిటికంటే అదే ముఖ్యం. కారు ఇంకా మీవారి పేరునే ఉంది. కాబట్టి మొదట బాగుచేయించాల్సింది క్లచ్చూ కాదు, ఏసీ కాదు, సీ బుక్కు.

యజమాని పోతే ముప్పై రోజుల్లో ఆ సంగతి రవాణా కార్యాలయానికి తెలపాలి. మూడు నెలల్లోగా ఫారం 31 మీద వారసుల పేరుకి మార్చమని అర్జీ పెట్టుకోవాలి. మీకు ఆ గడువు దాటింది. కంగారు పడకండి, దారి మూసుకుపోలేదు. ఆలస్యానికి ఏమైనా కట్టమంటే కట్టి అర్జీ పెట్టండి. మరణ ధృవపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధృవపత్రం, సీ బుక్కు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్టు, మిగిలిన వారసులకి అభ్యంతరం లేదన్న కాగితం సిద్ధం చేసుకోండి. కారు మీద ఎప్పుడో తీరిపోయిన అప్పు సీ బుక్కులో ఇంకా కనిపిస్తుంటే, బ్యాంకు దగ్గర ఫారం 35, అప్పు తీరిందన్న ఉత్తరం తీసుకుని అదీ కొట్టేయించండి.

బ్రోకరు ఒకవేళ "ఆయన సంతకం ఉన్న పాత కాగితాలుంటే ఇవ్వండమ్మా, పని అయిపోతుంది" అంటే చస్తే ఒప్పుకోకండి. పోయినవారి సంతకంతో బండి అమ్మడం నేరం. మీ అవసరం చూసి సలహా చెప్పేవాడు రేపు స్టేషనుకి మీతో రాడు.

ఇన్సూరెన్సు సంగతీ అంతే. మామూలు ప్రైవేటు కారు పాలసీ, యజమాని పోయాక మూడు నెలలు గానీ, పాలసీ గడువు ముగిసేదాకా గానీ, ఏది ముందైతే అంతవరకే నడుస్తుంది. ఈలోగా వారసుల పేరుకి మార్చుకోవాలి. మీకు నాలుగు నెలలు దాటింది. కాబట్టి కాగితాలు సరిపడేదాకా ఎవరినీ ఆ కారు రోడ్డెక్కించనివ్వకండి. 'ఒక్క రౌండు వేసొస్తా' అన్నా సరే, 'షెడ్డు దాకే' అన్నా సరే! బ్రేకులు, బ్యాటరీ పని మెకానిక్కుని ఇంటికి పిలిచి ఇంటి ముందే చేయించవచ్చు. క్లచ్‌కైతే షెడ్డుకి పోవాలి. అందుకే అది ఆఖరున.

కొనేవాడు దొరికాక ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెడతారు. అక్కడితో అయిపోయిందనుకోకూడదు. అదే రాష్ట్రంలో అమ్మితే పధ్నాలుగు రోజుల్లోగా ఆ సంగతి మీరే రవాణా కార్యాలయానికి తెలియజేయాలి. సీ బుక్కులో పేరు మారేదాకా చట్టం దృష్టిలో కారు మీదే. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక కేసులో ఇదే తేల్చి చెప్పింది. అందులో ఒకాయన కారు అమ్మేశాడు, అది ఒకరి తర్వాత ఒకరి చేతికి పోయింది. ఎవరూ పేరు మార్పించుకోలేదు. ఆ కారు కింద పడి ఒక పిల్లవాడు చనిపోయాడు. నష్టపరిహారం బాధ్యత రిజిస్టరులో పేరున్న మొదటి యజమానిదేనంది కోర్టు. అమ్మేసి ఎంత కాలమైనా సరే, పేరుంటే బాధ్యత ఉన్నట్టే.

మీ ఊరికి ఇంకో ప్రత్యేకత ఉంది. కోదాడ దగ్గరే కదా అని అక్కడివాళ్ళు బేరానికి రావచ్చు. మీవారు కారు కొన్న 2012లో కోదాడ, చిల్లకల్లు ఒకే రాష్ట్రం. 2014 జూన్ 2 నుంచి అది తెలంగాణ, మీది ఆంధ్రప్రదేశ్. అక్కడివాళ్ళకి అమ్మితే ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. ఇలా అవతలి రాష్ట్రానికి పోయే బండికి గడువు నలభై అయిదు రోజులు. పన్ను సంగతి కొనేవాళ్ళనే ముందుగా వాళ్ళ ఆఫీసులో కనుక్కోమనండి. రేటు కాస్త తక్కువైనా దగ్గరలో, జగ్గయ్యపేటలోనో నందిగామలోనో అమ్మితే తిరుగుడు తగ్గుతుంది.

ఇంకొకటి. మీవారు 2012లో చేయించిన రిజిస్ట్రేషను పదిహేనేళ్ళకి, అంటే 2027 దాకా. తర్వాత అయిదేళ్ళకోసారి కొత్తగా చేయించాలి. 2022 ఏప్రిల్ నుంచి కారుకి ఆ రుసుము 600 నుంచి 5,000కి పెరిగింది. కొనేవాడు ఈ మాట ఎత్తి బేరమాడతాడు. ఆశ్చర్యపోకండి, అది న్యాయమైన బేరమే. కానీ '5,000' అన్న అంకె మీకూ తెలిసి ఉంటే పాతికవేలు తగ్గించమని అడగలేడు.

చివరిది ఫాస్టాగ్. మీ ఊరి టోల్‌గేటు దగ్గర అద్దం మీది ఆ చీటీనే కదా డబ్బు లాగేది! కారు ఇచ్చేముందు బ్యాంకుకి చెప్పి దాన్ని మూయించండి, చీటీ పీకేయండి. లేకపోతే కొన్నవాడు హైదరాబాదు వెళ్ళినప్పుడల్లా టోలు మీ ఇంటి ఖాతాలోంచి పోతుంది.

లోపల శుభ్రం... వంటింటి సామానుతోనే

నాలుగు నెలలు మూసి ఉన్న కారులో ముక్క వాసన వస్తుంది. సెంటు సీసాలు పెట్టకండి, ఏదో దాస్తున్నారనుకుంటారు. ఇలా చేయండి.

- తలుపులన్నీ తీసి రెండు రోజులు ఎండ తగలనివ్వండి. కాళ్ళ కింది మ్యాట్లు తీసి ఉతికి, బాగా ఆరాకే వేయండి. తడి ఉంటే మళ్ళీ వాసన మొదలవుతుంది.
- బట్ట సీట్ల మీద తినే సోడా పల్చగా చల్లి రాత్రంతా ఉంచండి. పొద్దున్నే మెత్తటి బ్రష్షుతో దులిపేయండి.
- స్టీరింగు, గేరు రాడ్డు, తలుపు పిడుల జిడ్డు సబ్బునీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో పోతుంది. డ్యాష్‌బోర్డుకి కొబ్బరి నూనె రాయకండి. ఆ పూట మెరిసినా మర్నాటికి దుమ్మంతా అంటుకుంటుంది.
- అద్దాలు తడిగుడ్డతో తుడిచి, పాత న్యూస్‌పేపరుతో రుద్దండి.
- సీట్ల కింద, డ్యాష్‌బోర్డు అరలో చెయ్యి పెట్టి వెతకండి. బిల్లులు, తాళం చెవులు దొరుకుతాయి. రెండో తాళం చెవి దొరికితే బేరంలో అదీ పనికొస్తుంది.

ఇచ్చే రోజు

డబ్బు పూర్తిగా బ్యాంకులో పడ్డాకే తాళాలు ఇవ్వండి. ఒక తెల్లకాగితం మీద తేదీ, సమయం, మీటరులో ఉన్న కిలోమీటర్లు రాయండి. "ఏసీ పనిచేయదు, క్లచ్ అరిగింది, చెప్పే అమ్మాను" అన్న మాట కూడా రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. కొన్నవారి ఆధార్ జిరాక్సు దానికి జత చేయండి. మరిదిని సాక్షిగా పెట్టుకోండి. నెల తర్వాత పేరు మారిందో లేదో రవాణా శాఖ వెబ్‌సైటులో బండి నంబరు కొట్టి అమ్మాయిని చూడమనండి. బ్రోకరు 90,000 అన్నాడు కదా అని అదే ఆఖరు ధర అనుకోకండి. అది మొదటి మాట మాత్రమే. కనీసం ముగ్గురి మాట వినందే బయానా పుచ్చుకోవద్దు.

ఇక ఈ పేజీ చదువుతున్న మిగతా సోదరీమణులకి ఒక మాట. ఇంట్లో కారో, స్కూటరో ఉంటే ఈ ఆదివారం మీవారితో కూర్చుని సీ బుక్కు, ఇన్సూరెన్సు ఎక్కడున్నాయో చూడండి. 2021 నుంచి సీ బుక్కులో నామినీ పేరు రాయించుకునే వీలుంది. పసుపు డబ్బా ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగల మనం, బండి కాగితాలు ఏ అరలో ఉన్నాయో కూడా చెప్పగలగాలి.